రియాక్ట్ కాంపోనెంట్‌ను పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఎలా చూసుకోవాలి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు రియాక్ట్‌తో (వెబ్ పేజీలు కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ధరల బోర్డు చేసిచ్చాను. పని చిన్నదే. పైన రకాల పేర్లు ఉంటాయి: తేజ, 334, 341, బ్యాడిగి. ఏది నొక్కితే దాని క్వింటా ధర కింద పెద్ద అంకెల్లో కనిపిస్తుంది. లాట్లు అమ్ముడవుతున్న కొద్దీ గుమస్తా తన ఫోన్లో ధర ఎక్కిస్తాడు. గోడకు బిగించిన ట్యాబ్ ప్రతి 30 సెకన్లకు ఒకసారి సర్వర్‌ను అడిగి కొత్త ధర తెచ్చుకుంటుంది.

నాలుగో రోజు గుమస్తా ఫోన్ చేశాడు. "అన్నా, పొద్దున బాగానే ఉంటంది. పన్నెండు దాటేసరికి ట్యాబ్ కాగిపోతంది, నొక్కినా పలకట్లా." పాత ట్యాబ్ కదా, అందుకే అయ్యుంటుందనుకున్నాను. ఆ తర్వాత అన్న మాటకు మాత్రం నాకు టెన్షన్ పట్టుకుంది. "ఇంకోటన్నా, పైన తేజ అనే ఉంది గానీ కింద ఒకసారి తేజ ధర, ఒకసారి 334 ధర వస్తంది. ఏది నిజమని రైతు నన్నడుగుతున్నాడు."

రాత్రంతా లారీలో ప్రయాణం చేసి, టిక్కీలు దించుకుని, పొద్దున్నే కొట్టు ముందు నిలబడ్డ మనిషి ఆ అంకె చూసి ఏడాది పంటకు లెక్క వేసుకుంటాడు. అక్కడ తప్పు అంకె కనిపించడానికి వీల్లేదు. ఆ రాత్రే కోడ్ తెరిచి కూర్చున్నాను. ట్యాబ్ కాగిపోవడానికీ, ధర తారుమారు కావడానికీ కారణం ఒకే చోట ఉంది. కాంపోనెంట్, అంటే పేజీలో ఒక భాగాన్ని చూపించే కోడ్ ముక్క, తెర మీదికి వచ్చినప్పుడు ఏం చేయాలో రాశాను గానీ, పక్కకు తప్పుకునేటప్పుడు ఏం చేయాలో రాయలేదు. ఆ బోర్డును ఎలా బాగుచేశానో వరసగా చెప్తాను. మీరు చేసే పేజీ బస్సుల టైమింగ్స్ చూపించేదైనా, ఆసుపత్రి టోకెన్ నంబర్లు చూపించేదైనా పద్ధతి ఇదే.

ముందుగా మూడు దశలు

ఏ కాంపోనెంట్‌కైనా మూడు దశలుంటాయి. తెర మీదికి రావడం మౌంట్. ప్రాప్స్ (బయటి నుంచి అందే విలువలు) గానీ స్టేట్ (తనలో దాచుకునే విలువలు) గానీ మారి మళ్లీ రెండర్ కావడం, అంటే ఏం చూపించాలో రియాక్ట్ మళ్లీ లెక్కగట్టడం, అప్‌డేట్. తెర మీద నుంచి తొలగిపోవడం అన్‌మౌంట్. పాత క్లాస్ కాంపోనెంట్లలో వీటికి కాంపోనెంట్‌డిడ్‌మౌంట్, కాంపోనెంట్‌డిడ్‌అప్‌డేట్, కాంపోనెంట్‌విల్‌అన్‌మౌంట్ అని మూడు మెథడ్స్ ఉండేవి. 2019 ఫిబ్రవరిలో రియాక్ట్ 16.8తో హుక్స్ (మామూలు ఫంక్షన్‌గా రాసిన కాంపోనెంట్లలో ఇలాంటి పనులు చేయనిచ్చే ప్రత్యేక ఫంక్షన్లు) వచ్చాక ఈ మూడింటి పనీ ఎక్కువగా యూజ్‌ఎఫెక్ట్ ఒక్కటే చేస్తోంది.

ఇక్కడే చాలామంది తడబడతారు. విజయవాడ, గుంటూరు కోచింగ్ సెంటర్లలో నేర్చుకుని వచ్చిన పిల్లలతో పనిచేశాను. మూడు మెథడ్స్ పేర్లు గడగడా అప్పజెప్తారు, ఇంటర్వ్యూల్లో అడిగేదీ అదే. తీరా కోడ్ రాసేటప్పుడు యూజ్‌ఎఫెక్ట్‌ను "మౌంట్ అయినప్పుడు నడిచే ఫంక్షన్" అని మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. అలా గుర్తుపెట్టుకోకండి. యూజ్‌ఎఫెక్ట్ రాసే ప్రతిసారీ రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ కాంపోనెంట్‌ను బయట దేనితో కలుపుతున్నాను? దాన్నుంచి ఎలా విడదీస్తాను? రెండో ప్రశ్నకు జవాబు దొరికేదాకా మొదటిదానికి కోడ్ రాయకండి.

కాగితం తీసుకోండి

కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు మీ కాంపోనెంట్ తెరిచేవి, కుడివైపు వాటిని మూసేవి రాయండి. నా బోర్డుకు ఎడమవైపు నాలుగు వచ్చాయి: 30 సెకన్ల టైమర్, సర్వర్‌కు వెళ్లే ఫెచ్, నెట్ వచ్చిందో పోయిందో వినే లిజనర్, వారం ధరల చార్ట్. కుడివైపు కూడా నాలుగు ఉండాలి. సెట్‌ఇంటర్వల్‌కు క్లియర్‌ఇంటర్వల్, ఫెచ్‌కు అబార్ట్, యాడ్‌ఈవెంట్‌లిజనర్‌కు రిమూవ్‌ఈవెంట్‌లిజనర్, చార్ట్‌కు ఆ లైబ్రరీ ఇచ్చే డిస్ట్రాయ్. వెబ్‌సాకెట్ (సర్వర్‌తో తెరిచే ఉంచే లైను) వాడితే దానికి క్లోజ్.

ఈ కాగితం వల్ల ఇంకో మేలుంది. అసలు ఎఫెక్ట్ (యూజ్‌ఎఫెక్ట్‌లో రాసే పని) అక్కర్లేనివి కూడా బయటపడతాయి. బోర్డులో "మీ సరుకు విలువ" అని ఒక గడి పెట్టాను, క్వింటాళ్లను ధరతో గుణిస్తే చాలు. దానికి వేరే స్టేట్, దాన్ని మార్చడానికి ఒక ఎఫెక్ట్ రాసి పెట్టాను. రెండూ తీసేసి, రెండర్ అయ్యేటప్పుడే గుణించి చూపించాను. ఉన్న విలువల నుంచి లెక్కగట్టగలిగే దేనికీ ఎఫెక్ట్ వద్దు. బటన్ నొక్కితే జరగాల్సిన పని ఆ బటన్ హ్యాండ్లర్‌లోనే ఉండాలి. బయటి ప్రపంచంతో సంబంధం ఉన్నవాటికి మాత్రమే ఎఫెక్ట్ పెట్టుకోండి.

మూసేది ముందు రాయండి

యూజ్‌ఎఫెక్ట్‌కు ఇచ్చే ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ను రిటర్న్ చేయవచ్చు. దాన్నే క్లీనప్ అంటారు. నా అలవాటేమిటంటే ఖాళీ ఎఫెక్ట్ తెరవగానే రిటర్న్ లైను రాస్తాను, అందులో క్లియర్‌ఇంటర్వల్ రాస్తాను, ఆ తర్వాతే పైకి వెళ్లి సెట్‌ఇంటర్వల్ రాస్తాను. ఈ వరస పాటిస్తే మర్చిపోవడమనే సమస్యే ఉండదు.

క్లీనప్ అన్‌మౌంట్ అప్పుడు ఒక్కసారే నడుస్తుందనుకోవడం పొరపాటు. డిపెండెన్సీ, అంటే ఎఫెక్ట్ ఆధారపడిన విలువ, మారిన ప్రతిసారీ, కొత్త ఎఫెక్ట్ మొదలయ్యే ముందు పాతదాని క్లీనప్ నడుస్తుంది. బోర్డు మీద తేజ ఉండగా 334 నొక్కారనుకోండి. ముందు 334తో రెండర్ అవుతుంది. తర్వాత తేజ కోసం మొదలుపెట్టిన ఎఫెక్ట్ తాలూకు క్లీనప్ నడుస్తుంది. అది తేజ నాటి విలువలనే చూస్తుంది కాబట్టి తేజ టైమర్‌నే ఆపుతుంది. ఆ తర్వాత 334 కోసం కొత్త టైమర్ మొదలవుతుంది.

నా కోడ్‌లో మధ్యలోని క్లీనప్ లేదు. రకం మార్చిన ప్రతిసారీ కొత్త టైమర్ వచ్చి చేరేది, పాతది ఆగేది కాదు. ఒక్కో టైమర్ నిమిషానికి రెండుసార్లు సర్వర్‌ను అడుగుతుంది. గంటకు 40 సార్లు రకాలు మార్చి చూశారనుకుంటే, మూడు గంటల్లో 120 టైమర్లు పోగవుతాయి. నిమిషానికి 240 రిక్వెస్టులు, అంటే సెకనుకు నాలుగు. ట్యాబ్ కాగిపోయిందంటే కాగిపోదా మరి! ధర తారుమారు కావడానికి కారణమూ అవే. పైన తేజ ఉన్నా, ఎప్పుడో మొదలైన 334 టైమర్ ఇంకా బతికే ఉంది. అది తన ధర తెచ్చి అదే గడిలో రాసేస్తోంది.

క్లీనప్ రాసినా పనిచేయని సందర్భాలు మూడు చూశాను. ఒకటి, ఫంక్షన్‌ను రిటర్న్ చేయాల్సిన చోట క్లియర్‌ఇంటర్వల్‌ను అక్కడికక్కడే పిలవడం. అప్పుడు టైమర్ మొదలైన క్షణంలోనే ఆగిపోతుంది, "ధర మారట్లేదు" అంటూ ఫోన్ వస్తుంది. రెండు, లిజనర్ తీసేటప్పుడు కొత్త ఫంక్షన్ ఇవ్వడం. యాడ్‌ఈవెంట్‌లిజనర్‌కు ఏ ఫంక్షన్ ఇచ్చారో సరిగ్గా దాన్నే రిమూవ్‌ఈవెంట్‌లిజనర్‌కూ ఇవ్వాలి. అదే కోడ్‌ను రెండుచోట్లా విడివిడిగా రాస్తే బ్రౌజర్‌కు అవి రెండు వేర్వేరు ఫంక్షన్లు. ఎర్రర్ రాదు, లిజనర్ మాత్రం పోదు. మూడు, ఎఫెక్ట్ ఫంక్షన్‌నే ఎసింక్ (జవాబు కోసం మధ్యలో ఆగగలిగే రకం) చేయడం. ఎసింక్ ఫంక్షన్ ఎప్పుడూ ప్రామిస్‌నే (తర్వాత వచ్చే ఫలితానికి గుర్తు) రిటర్న్ చేస్తుంది, రియాక్ట్‌కు కావాల్సింది ఫంక్షన్. ఎసింక్ ఫంక్షన్‌ను ఎఫెక్ట్ లోపల రాసుకుని, అక్కడే పిలవండి.

డిపెండెన్సీ జాబితాలో అబద్ధం వద్దు

యూజ్‌ఎఫెక్ట్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చే డిపెండెన్సీల జాబితా అసలు ఇవ్వకపోతే ప్రతి రెండర్‌కూ ఎఫెక్ట్ నడుస్తుంది. ఖాళీ జాబితా ఇస్తే మౌంట్ అప్పుడు ఒక్కసారే. విలువలు ఇస్తే వాటిలో ఏది మారినా మళ్లీ నడుస్తుంది. మారిందో లేదో రియాక్ట్ ఆబ్జెక్ట్.ఈజ్‌తో (రెండు విలువలు ఒకటేనా అని చెప్పే జావాస్క్రిప్ట్ ఫంక్షన్) పోల్చి చూస్తుంది.

ఆ పోలికలో ఒక చిక్కుంది. రెండర్‌లో తయారైన ఆబ్జెక్ట్ ప్రతిసారీ కొత్తదే, లోపలి విలువలు అవే అయినా సరే. రకం, గ్రేడు కలిపి ఒక ఆబ్జెక్ట్ చేసి జాబితాలో పెట్టారనుకోండి. ఎఫెక్ట్ నడిచి స్టేట్ మారుస్తుంది, స్టేట్ మారితే రెండర్ అవుతుంది, రెండర్ అయితే కొత్త ఆబ్జెక్ట్ వస్తుంది, మళ్లీ ఎఫెక్ట్ నడుస్తుంది. గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. ఆబ్జెక్ట్ బదులు రకం, గ్రేడు రెండు విడి విలువలుగా పెట్టండి. లేదా ఆ ఆబ్జెక్ట్‌ను ఎఫెక్ట్ లోపలే తయారుచేయండి.

జాబితాలో ఉండాల్సింది లేకపోతే రియాక్ట్ హుక్స్ కోసం ఉన్న ఈఎస్‌లింట్ (కోడ్‌లో తప్పులు పట్టే టూల్) రూల్ హెచ్చరిస్తుంది. ఎడిటర్‌లో ఆ హెచ్చరిక గీత చూడటం ఇష్టంలేక కామెంట్ పెట్టి నోరు మూయించేవాళ్లు చాలామంది. దయచేసి ఆ పని చేయకండి. ఎఫెక్ట్ వాడుతున్న విలువ జాబితాలో లేకపోతే, లోపలి టైమర్ పాత రెండర్ నాటి విలువనే పట్టుకుని కూర్చుంటుంది. నిన్నటి పేపర్లో ఇవాళ్టి ధర వెతికినట్టు ఉంటుంది. లెక్కపెట్టే టైమర్ అయితే స్టేట్‌ను నేరుగా వాడకుండా, సెట్టర్‌కు ఒక ఫంక్షన్ ఇచ్చి "పాతదానికి ఒకటి కలుపు" అని చెప్పండి. అప్పుడు ఆ విలువను జాబితాలో పెట్టాల్సిన అవసరమే ఉండదు. తాజా విలువ చదవాలి గానీ అది మారినప్పుడు ఎఫెక్ట్ మళ్లీ నడవకూడదు అనే సందర్భాల కోసం 2025 అక్టోబరులో వచ్చిన రియాక్ట్ 19.2లో యూజ్‌ఎఫెక్ట్‌ఈవెంట్ అనే హుక్ ఉంది.

ఆలస్యంగా వచ్చే జవాబు

టైమర్లు సరిచేసి వెళ్లాను. ట్యాబ్ చల్లబడింది. రెండు రోజులకు గుమస్తా మళ్లీ ఫోన్ చేశాడు. "అన్నా, ఎప్పుడో ఒకసారి వస్తంది, మళ్లీ అదే, తేజ కింద 334." ఈసారి యార్డుకు వెళ్లి కొట్టులోనే కూర్చున్నాను. సీజన్లో వేలమంది ఫోన్లు అక్కడే పనిచేస్తుంటాయి, నెట్ బాగా నెమ్మదిగా ఉంది. అదే అసలు సంగతి.

334 నొక్కారు, రిక్వెస్టు వెళ్లింది. జవాబు రాకముందే తేజ నొక్కారు, రెండో రిక్వెస్టు వెళ్లింది. తేజ జవాబు ముందొచ్చింది, సరైన ధర పడింది. తర్వాత తాపీగా 334 జవాబు వచ్చి దాని మీద పడింది. రిక్వెస్టులు వెళ్లిన వరసలోనే జవాబులు రావాలని ఎక్కడా లేదు. టైమర్ ఆపినంత మాత్రాన అప్పటికే బయల్దేరిన ఫెచ్ ఆగదు.

దీనికి బ్రౌజర్‌లో ఉండే అబార్ట్‌కంట్రోలర్ (నడుస్తున్న ఫెచ్‌ను రద్దుచేసేది) వాడండి. ఎఫెక్ట్ లోపల, మొదటి లైనులోనే కొత్త కంట్రోలర్ తయారుచేసి, దాని సిగ్నల్‌ను ఫెచ్‌కు ఇవ్వండి. క్లీనప్‌లో అబార్ట్ పిలవండి. కంట్రోలర్‌ను ఎఫెక్ట్ బయట ఒక్కటే పెట్టుకుని అన్నిటికీ వాడితే కుదరదు, ఒకసారి అబార్ట్ చేసిన సిగ్నల్‌తో ఇంకో ఫెచ్ నడవదు. అబార్ట్ చేసినప్పుడు ఫెచ్ అబార్ట్‌ఎర్రర్ విసురుతుంది. క్యాచ్‌లో దాని పేరు చూసి వదిలేయండి, లేదంటే రకం మార్చిన ప్రతిసారీ తెర మీద "నెట్ లేదు" అని ఎర్ర అక్షరాలు వస్తాయి. ఫెచ్ కాకుండా అబార్ట్‌కు వీల్లేని లైబ్రరీ ఏదైనా వాడుతుంటే, ఎఫెక్ట్ లోపల ఒక జెండా పెట్టుకోండి. మొదట ఫాల్స్, క్లీనప్‌లో ట్రూ. జవాబు వచ్చాక జెండా ట్రూ అయితే స్టేట్ ముట్టుకోకండి.

అబార్ట్ గురించి ఒక జాగ్రత్త. అది బ్రౌజర్ ఎదురుచూడటాన్ని ఆపుతుంది, సర్వర్ అప్పటికే చేసేసిన పనిని వెనక్కి తిప్పదు. ధర చదవడానికి పరవాలేదు. గుమస్తా ధర ఎక్కించే రిక్వెస్టుకు మాత్రం క్లీనప్‌లో అబార్ట్ పెట్టలేదు. ఎక్కిందో లేదో తెలియని స్థితి అక్కడ ప్రమాదం.

ఇంత చేశాక కూడా ఒక రంధ్రం మిగిలింది, దాన్ని నేను కొట్టులో కూర్చున్నాను కాబట్టే చూశాను. తేజ నొక్కగానే పైన పేరు మారుతుంది. కొత్త ధర రావడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. ఆ నాలుగైదు సెకన్లూ స్టేట్‌లో ఉన్నది 334 ధరే, తేజ పేరు కింద అదే కనిపిస్తుంది. ఇంట్లో వైఫై మీద ఇది కంటికే ఆనదు. యార్డులో రైతుకు అదే మొదట కనపడేది.

దీనికి సులువైన దారి కీ, అంటే కాంపోనెంట్‌కు మనం ఇచ్చే గుర్తింపు. ధర చూపించే భాగాన్ని వేరే కాంపోనెంట్‌గా విడదీసి, దానికి కీగా రకం పేరు ఇవ్వండి. కీ మారితే రియాక్ట్ పాత కాంపోనెంట్‌ను పూర్తిగా అన్‌మౌంట్ చేసి, కొత్తదాన్ని ఖాళీ స్టేట్‌తో మౌంట్ చేస్తుంది. పాత ధర దానితోపాటే పోతుంది, కొత్తది వచ్చేదాకా "ధర తెస్తోంది" అని ఉంటుంది. కీ అంటే లిస్టుల్లో వార్నింగ్ పోగొట్టడానికి రాసేదని చాలామంది అనుకుంటారు. ఒక కాంపోనెంట్ జీవితం ఎక్కడ ముగియాలో మన చేత్తో చెప్పగలిగే మార్గమది, వాడుకోండి.

రెండుసార్లు నడుస్తోందని కంగారుపడకండి

2022 మార్చిలో వచ్చిన రియాక్ట్ 18 నుంచి, స్ట్రిక్ట్‌మోడ్ (తప్పులు ముందే బయటపెట్టే రియాక్ట్ సదుపాయం) ఉంటే డెవలప్‌మెంట్‌లో ప్రతి కాంపోనెంట్ మౌంట్ అయ్యాక ఎఫెక్ట్ ఒకసారి నడిచి, క్లీనప్ నడిచి, మళ్లీ ఎఫెక్ట్ నడుస్తుంది. ప్రొడక్షన్‌లో అలా జరగదు. "ఫెచ్ రెండుసార్లు వెళ్తోంది" అని కంగారుపడి స్ట్రిక్ట్‌మోడ్ తీసేసేవాళ్లున్నారు, "ఒకసారి నడిచిందా" అని రెఫ్‌లో (రెండర్లు మారినా విలువ నిలిచే చోటు) గుర్తుపెట్టుకుని రెండోసారి ఆపేవాళ్లున్నారు. రెండూ వద్దు. మీరు మూయడం మర్చిపోయారేమో అని రియాక్ట్ మీ బదులు పరీక్ష పెడుతోంది. క్లీనప్ సరిగ్గా ఉంటే రెండుసార్లు నడిచినా చివరికి ఒక్క టైమరే మిగులుతుంది. నా ప్రాజెక్టులో స్ట్రిక్ట్‌మోడ్ తీసేసి ఉంది. ఉంచి ఉంటే మొదటిరోజే రెండు టైమర్లు కనిపించేవి.

పేజీ కనపడనప్పుడు

గుమస్తా ఫోన్లో కూడా ఇదే బోర్డు తెరుస్తాడు. వాట్సాప్‌లోకి వెళ్లినా కాంపోనెంట్ అన్‌మౌంట్ కాదు, టైమర్ తన దారిన తాను ఉంటుంది. కనపడని ట్యాబుల్లో టైమర్లను బ్రౌజర్లే నెమ్మది చేస్తాయి కాబట్టి 30 సెకన్లంటే 30 సెకన్లే అన్న నమ్మకమూ లేదు. విజిబిలిటీచేంజ్ ఈవెంట్ వినండి. పేజీ దాగినప్పుడు టైమర్ ఆపండి. తిరిగి కనపడగానే వెంటనే ఒకసారి ధర తెచ్చుకుని, టైమర్ మళ్లీ మొదలుపెట్టండి. ఈ లిజనర్‌కు కూడా క్లీనప్ ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

నెట్ నెమ్మదిగా ఉండే చోట సెట్‌ఇంటర్వల్ కంటే సెట్‌టైమ్‌ఔట్ మేలు. సెట్‌ఇంటర్వల్ ముందు రిక్వెస్టు పూర్తయిందా లేదా అని చూడదు, గడువు రాగానే ఇంకోటి పంపిస్తుంది. జవాబు వచ్చాక, లేదా విఫలమయ్యాక, అప్పుడు 30 సెకన్ల సెట్‌టైమ్‌ఔట్ పెట్టండి. అబార్ట్ అయితే మాత్రం కొత్త టైమర్ పెట్టకుండా అక్కడే ఆగండి, లేకపోతే పోయిన కాంపోనెంట్ మళ్లీ అడగడం మొదలుపెడుతుంది.

ఇదంతా ఒక కస్టమ్ హుక్‌లో (మనమే రాసుకునే హుక్) పెట్టుకోండి. నాది రకం తీసుకుని ధర, స్థితి తిరిగిస్తుంది. బోర్డు కాంపోనెంట్లో ఇప్పుడు ఒక్క ఎఫెక్ట్ కూడా లేదు. రియాక్ట్ లాంటివే ఇంకో రెండున్నాయి, వ్యూ, యాంగ్యులర్. వ్యూ వాడేవాళ్లకు ఆన్‌మౌంటెడ్, ఆన్‌అన్‌మౌంటెడ్ ఉన్నాయి. యాంగ్యులర్‌లో ఎన్‌జీఆన్‌ఇనిట్, ఎన్‌జీఆన్‌డిస్ట్రాయ్. పేర్లే తేడా, ఆ కాగితం అదే.

పరీక్షించే పద్ధతి

క్రోమ్ డెవ్‌టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో వేగాన్ని 3జీకి తగ్గించండి. రకాలను వెనకాముందూ గబగబా 20 సార్లు నొక్కండి. చివరిది తేజ మీద ఆపి, చేతులు కట్టుకుని ఒక నిమిషం చూడండి. రద్దయిన రిక్వెస్టులు వరసగా కనిపించాలి. ఆ తర్వాతి నిమిషంలో కొత్తగా వెళ్లేవి రెండుకు మించకూడదు. మించితే ఎక్కడో ఒక టైమర్ బతికి ఉన్నట్టే. తర్వాత బోర్డు ఉన్న పేజీ నుంచి వేరే పేజీకి వెళ్లండి. రిక్వెస్టులు పూర్తిగా ఆగిపోవాలి.

లీక్ (పని అయిపోయినా మెమరీ వదలకపోవడం) అనుమానం ఇంకా ఉంటే మెమరీ ట్యాబ్‌లో హీప్ స్నాప్‌షాట్ (ఆ క్షణంలో మెమరీలో ఏమేం ఉన్నాయో చూపేది) తీయండి. బోర్డును పదిసార్లు తెరిచి మూసి, ఇంకోటి తీయండి. డిటాచ్డ్ అని వెతకండి. తెర మీద నుంచి పోయినా మెమరీలో ఉండిపోయిన ఎలిమెంట్లు అక్కడ కనిపిస్తాయి. నాకు అక్కడ చార్ట్ దొరికింది, డిస్ట్రాయ్ పిలవడం మర్చిపోయాను. కన్సోల్‌లో ఏమీ రాలేదు కాబట్టి అంతా బాగుందనుకోకండి. అన్‌మౌంట్ అయిన కాంపోనెంట్‌లో స్టేట్ మారుస్తున్నారని ఒకప్పుడు వచ్చే హెచ్చరికను రియాక్ట్ 18లో తీసేశారు.

మీ దగ్గర ఇప్పటికే నడుస్తున్న ప్రాజెక్టు ఉంటే, ఎడిటర్‌లో మొత్తం ఫైళ్లలో సెట్‌ఇంటర్వల్ అని వెతకండి. ఎన్ని దొరికాయో లెక్కపెట్టండి. తర్వాత క్లియర్‌ఇంటర్వల్ వెతకండి. ఆ రెండు అంకెలూ కలవకపోతే, ఏ ఫైల్‌లో తేడా ఉందో అక్కడి నుంచే మొదలుపెట్టండి.